పాత డబ్బా, పన్నెండు వేలు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే జనం నోట సీటీసీకి, వచ్చేవాళ్లు రెండు రకాలు. జాబితా రాసుకొచ్చి అందులో ఉన్నదే కొనుక్కుపోయేవాళ్లు ఒక రకం. 'జేబులో ఇంతుంది, ఏమొస్తుందో చెప్పన్నా' అనేవాళ్లు రెండో రకం. బీకాం చివరి సంవత్సరంలో ఉన్న ఆ కుర్రాడు 2025 వేసవిలో రెండో రకంగానే అక్కడ మెట్లెక్కాడు. జేబులో ఉన్నది 12,000 రూపాయలు. సాయంత్రాలు పార్సిళ్లు చేరవేసి నాలుగు నెలల్లో కూడబెట్టిన సొమ్ము. ఇంట్లో ఉన్నది ఏదో కంపెనీ వదిలించుకున్న డెస్క్‌టాప్: 2013 నాటి నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, గరగరమనే హార్డ్ డిస్క్, 18.5 అంగుళాల మానిటర్. దాని మీద జీటీఏ 5 ఆడాలన్నది అతని కోరిక.

చిక్కేమిటంటే, ఆ కంప్యూటర్ అతనొక్కడిదే కాదు. అక్క గ్రూప్-2కు చదువుతోంది. మాక్ టెస్టులు రాసేది, ఫీజులు కట్టేది దాని మీదే. 'నీ ఆటల కోసం దాన్ని కాల్చినవంటే నా పరీక్ష నువ్వే రాయాలె' అని ఆమె ముందే హెచ్చరించింది.

ఆమె భయంలో అతిశయోక్తి లేదు. ఆఫీసు డెస్క్‌టాప్‌లకు కంపెనీలు సరిగ్గా అవసరమైనంత కరెంటే ఇస్తాయి. వాటిలో ఎస్‌ఎంపీఎస్ చాలావరకు 300 వాట్లు దాటదు. పైగా కొన్ని బ్రాండెడ్ డబ్బాల్లో మదర్‌బోర్డుకు వెళ్లే కనెక్టర్ కూడా వాళ్ల సొంత తరహాలో ఉంటుంది. బజారులో కొన్న ఎస్‌ఎంపీఎస్ నేరుగా ఎక్కదు. లేబుల్ మీద ఎన్ని వాట్లని రాసి ఉన్నా లోపల అంత దమ్ములేని చౌకరకం తగిలించారంటే, అది పోతూపోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోవచ్చు. అందుకే పాత మెషిన్‌కు గేమింగ్ హంగులు దిద్దాలనుకునేవాళ్లు ముందు చూడాల్సింది గ్రాఫిక్స్ కార్డు ధర కాదు, అది తాగే కరెంటు. మదర్‌బోర్డు స్లాటు ఇవ్వగలిగింది 75 వాట్లు. విడిగా వైరు అడగకుండా ఆ 75లోనే సర్దుకునే కార్డులు కొన్నే ఉన్నాయి. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐ, 2019 నాటి 1650లో కొన్ని మోడళ్లు ఆ కోవలోవి.

మొదటి దుకాణంలో అతనికి చూపించింది ఆర్‌ఎక్స్ 580. ధర ఊరించేలా ఉంది. ఎథీరియం 2022 సెప్టెంబరులో మైనింగ్ పద్ధతికి స్వస్తి పలికాక, రాత్రింబవళ్లు నాణేలు తవ్విన ఇలాంటి కార్డులు గుట్టలుగా సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌కు వచ్చిపడ్డాయి. కార్డు మంచిదే, కానీ అది అడిగేది 185 వాట్లు. కుర్రాడు దండం పెట్టి బయటికొచ్చాడు.

రెండో దుకాణంలో అసలు పరీక్ష ఎదురైంది. '1050 టీఐ ఉంది తమ్ముడూ, 4 జీబీ. మూడున్నర వేలకు తీస్కపో.' మిగతాచోట్ల ఐదారు వేలు పలుకుతున్న సరుకు. పైగా ఈ కార్డుకు వీజీఏ సాకెట్ ఉంది. ఇంట్లో పాత మానిటర్‌కు ఉన్నది వీజీఏ ఒక్కటే. ఏ కన్వర్టరూ అక్కర్లేకుండా అతికినట్టు సరిపోతుంది.

సరిగ్గా అక్కడే అతనికి అనుమానమొచ్చింది. ఎన్విడియా 10 సిరీస్ చిప్‌లకు అనలాగ్ అవుట్‌పుట్ లేదు. 1050 టీఐ అని చెబుతున్న కార్డుకు వీజీఏ సాకెట్ కనిపించిందంటే, పదిహేనేళ్ల నాటి జీటీఎక్స్ 550 టీఐ లాంటి కార్డుకు బయోస్ మార్చి, కొత్త పేరు తగిలించి ఉండవచ్చు. కంప్యూటర్‌కు తగిలిస్తే విండోస్ కూడా 1050 టీఐ అనే చూపిస్తుంది. ఆట మొదలుపెట్టాక గానీ బండారం బయటపడదు. జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ మాత్రం ఇలాంటి వాటిని చాలావరకు పట్టేసి, పేరు ముందే 'ఫేక్' అని చూపిస్తుంది. 'అన్నా, ఒకసారి జీపీయూ-జెడ్ పెట్టి చూపిస్తవా?' అని అడిగాడు. దుకాణదారుకు ఉన్నట్టుండి వేరే గిరాకీ గుర్తొచ్చింది. సీటీసీని ఆడిపోసుకోనక్కర్లేదు. ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లో, ముంబై లామింగ్టన్ రోడ్‌లో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరు ఎస్‌పీ రోడ్‌లో కూడా సెకండ్‌హ్యాండ్ కొనేవాడి రక్షణ వాడి చేతిలోనే ఉంటుంది.

మూడో దుకాణదారు అడగకుండానే కార్డును టెస్ట్ బెంచ్ మీద పెట్టి చూపించాడు. బేరమాడితే 5,500 దగ్గర తెగింది. వీజీఏ లేదు కాబట్టి హెచ్‌డీఎంఐ కన్వర్టర్‌కు మరో 400. సెకండ్‌హ్యాండ్ డీడీఆర్3 ర్యామ్ 8 జీబీవి రెండు కలిపి 1,800. ఒక్కటే పెద్దది వేస్తే జంట స్లాట్ల వేగం రాదు. 512 జీబీ ఎస్‌ఎస్‌డీ 2,800. ఎండి అట్టకట్టిన థర్మల్ పేస్టు మార్చడానికి 150. రంగురంగుల లైట్లు వెలిగే ఫ్యాన్లవైపు అతను చూడకపోలేదు. కానీ ఇంట్లో యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఏడాదైంది. 950 దానికి పోయింది.

ప్రాసెసర్ జోలికి అతను వెళ్లలేదు. ఇది చాలామంది చేయలేని పని. జీటీఏ 5 పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు తయారీదారులు సిఫార్సు చేసిన ప్రాసెసర్ మూడో తరం ఐ5. ఇంట్లో ఉన్నది అంతకంటే ఒక మెట్టు పైదే. పాత మానిటర్ కూడా మేలే చేసింది. 1366×768 తెరలో చుక్కలు పది లక్షల పైచిలుకు. ఫుల్ హెచ్‌డీ తెరలో ఇరవై లక్షలు దాటతాయి. అంటే కార్డుకు సగం చాకిరీ తప్పినట్టే. కొత్త మానిటర్ కొనిపెట్టి ఉంటే అదే కార్డు రొప్పేది.

బిగించేటప్పుడు చేసిన తెలివైన పని ఒకటుంది. పాత హార్డ్ డిస్క్‌ను అతను ముట్టుకోలేదు. దాన్ని విప్పి పక్కన పెట్టి, విండోస్‌ను ఎస్‌ఎస్‌డీ మీద కొత్తగా ఎక్కించాడు. ఏదైనా తేడా వస్తే కార్డు పీకేసి, పాత డిస్కు తగిలిస్తే అక్క కంప్యూటర్ అక్కకు ఉంటుంది. ఆ అవసరం రాలేదు. మూడు నిమిషాలు తీసుకునే మెషిన్ అర నిమిషంలోపే తెరుచుకుంది. జీటీఏ 5 60 ఫ్రేముల దగ్గర నడిచింది. అతను కార్డును పొగిడాడు, అక్క మాత్రం ఎస్‌ఎస్‌డీనే పొగిడింది. మాక్ టెస్టు పేజీ నొక్కగానే వస్తోందిగా.

అసలు తగవు శరదృతువులో మొదలైంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగించింది. విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదో తరం నుంచే అడుగుతుంది, టీపీఎం 2.0 కూడా కావాలంటుంది. దొడ్డిదారిన ఎక్కించవచ్చు, కానీ టీపీఎం 2.0 లేని విండోస్ 11 మీద వాలరెంట్ ఆడనివ్వదు. మిత్రబృందమంతా ఆడేది అదే. విండోస్ 10 మీదే ఉండిపోతే ఆట సాగుతుంది గానీ, భద్రతా అప్‌డేట్లు లేని కంప్యూటర్‌లో అక్క నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ కొట్టాలి. నిక్షేపంగా నడుస్తున్న మెషిన్‌కు ఎక్కడో కూర్చున్నవాళ్లు వయసైపోయిందని తేలిస్తే, ఆ నష్టం పడేది ఇలాంటి ఇళ్ల మీదే. అదే నెలలో ఎన్విడియా కూడా 10 సిరీస్‌కు గేమ్ డ్రైవర్లు ఆపేసింది. భద్రతా అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తానంది. ఆపై ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ఏడాది చివరికి మెమరీ ధరలు ఎగబాకాయి. మరో డబ్బా కొనే ఆలోచన అటకెక్కింది.

మధ్యేమార్గం మైక్రోసాఫ్టే చూపింది. నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు. అందుకు మైక్రోసాఫ్ట్ ఖాతాతో, అదీ అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ కావాలి. ఆ పని అక్కే చేసింది, తన ఖాతాతో. ఇప్పుడు కొత్త గేమ్ ఏది ఎక్కించాలన్నా పాస్‌వర్డ్ ఆమెను అడగాల్సిందే.