పేరు ముందా... పుస్తకం ముందా?

పూతలపట్టులో ఒక మాస్టారు ఉన్నారనుకుందాం. ముప్ఫయ్యేళ్లు పల్లె బళ్లలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. పేరెందుకు, చిత్తూరు నుంచి తిరుపతి వెళ్లే దారిలో ఏ ఊళ్లో దిగినా అలాంటి మాస్టారు ఒకరుంటారు.

ఆయన దగ్గర రెండున్నాయి. ఒకటి... ట్రంకు పెట్టె నిండా నోటు పుస్తకాలు. మామిడి తోటల్లో కాపలా కాసేవాళ్లు, బెల్లం గానుగల దగ్గర రాత్రంతా మేలుకునేవాళ్లు చెప్పిన కతలు వాటిలో ఉన్నాయి. వాళ్లు ఎలా పలికితే అలా రాసుకున్నారు. చెప్పినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. రెండోది... పిల్లల పెళ్లిళ్లు, ఇంటి మరమ్మతులు పోగా బ్యాంకులో మిగిలిన యాభై వేల రూపాయలు.

ఈ రెండూ కలిస్తే ఒక చిన్న ప్రచురణ సంస్థ అవుతుందని మాస్టారి ఆశ.

''పుస్తకాలు అచ్చేసి ఎవురు బాగుపడినారో చెప్పండి చూద్దాం'' అంటుంది ఇల్లాలు.

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకుది ఇంకో మాట. ''నాయినా, ముందు పేరు రిజిస్టర్ చేయించు. పేరొచ్చినాక ఎవుడైనా కొట్టేస్తే ఏం చేస్తావు?''

ఇద్దరి మాటల్లోనూ నిజముంది. చిక్కల్లా అక్కడే!

ఊరి పేరు ఊరందరిదీ

మాస్టారికి తట్టిన మొదటి పేరు 'పూతలపట్టు ప్రచురణలు'. అందుకు కారణం లేకపోలేదు. కంబ రామాయణాన్ని, తిరుక్కురళ్‌ను తెలుగులోకి తెచ్చిన శ్రీరాములు రెడ్డి ఇంటిపేరు పూతలపట్టే. ఆయన పేరు తలుచుకుంటే ఊరికే ఒక గౌరవం.

కానీ 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టానికి ఈ అభిమానాలు పట్టవు. సరుకు ఎక్కడిదో చెప్పే ఊరి పేరును మాత్రమే గుర్తుగా పెట్టుకుంటే అభ్యంతరం రావచ్చు. ఏళ్ల తరబడి వాడి, ఆ పేరు చెబితే జనానికి మీ సంస్థే గుర్తొస్తుందని రుజువు చేస్తే తప్ప! ఊరి పేరు ఊరందరిదీ కదా, రేపు పక్కింటాయన పుస్తకం వేసినా పూతలపట్టు అనే రాసుకుంటాడు. ఆయన్ని ఎవరు ఆపగలరు?

ఊరి పేరుకు రక్షణ కావాలంటే దారి వేరే ఉంది. 2009లో తిరుపతి లడ్డూకు దక్కిన 'భౌగోళిక గుర్తింపు' అలాంటిదే. అది ఫలానా చోట, ఫలానా పద్ధతిలో తయారయ్యే వస్తువుకు ఇచ్చేది. ఒక మనిషి పెట్టుకునే దుకాణం పేరుకు కాదు.

పోనీ, దేవుడి పేరు? తిరుపతి చుట్టుపక్కల శ్రీనివాసా, బాలాజీ, వేంకటేశ్వరా అన్న బోర్డు లేని వీధి ఉందా! అందరూ పెట్టుకునే పేరు నాదొక్కడిదే అంటే చెల్లడం కష్టం. 'రామాయణ్' అనే పేరు అగరుబత్తులకు తనదేనన్న వ్యాపారి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. పవిత్ర గ్రంథం పేరు ఎవరి సొంతమూ కాదని 2015లో తీర్పు వచ్చింది.

మూడో ఆలోచన 'సీమ కథలు'. అది పుస్తకంలో ఏముందో చెప్పే మాట. బెల్లం కొట్టుకు 'తియ్యని బెల్లం' అని పేరు పెట్టి, ఇంకెవరూ ఆ మాట వాడకూడదంటే ఎలా?

మరి ఎలాంటి పేరు నిలుస్తుంది? తెలుగువాళ్లకు దీనికి జవాబు ఎప్పుడో తెలుసు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి తెచ్చిన పత్రిక పేరు 'చందమామ'. పసిపిల్లలకూ తెలిసిన మాట. కానీ కాగితానికీ, అచ్చుకూ, అమ్మకానికీ దానితో సంబంధం లేదు. తెలిసిన మాటే... అయినా ఆ సరుకును వర్ణించని మాట. గుర్తుగా నిలవడానికి అలాంటిదే గట్టిది.

నాలుగున్నర వేల రూపాయల కాగితం

పేరు కుదిరిందనుకుందాం. మునుపు ఇలాంటి పనులంటే మద్రాసు రైలెక్కాల్సిందే. మన ప్రాంతపు దరఖాస్తులు చూసే ట్రేడ్‌మార్కుల కార్యాలయం చెన్నై గిండీలో ఉంది. ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని ఆన్‌లైన్‌లో పంపొచ్చు. అంతకన్నా ముందు చేయాల్సిన పని ఇంకొకటి... అదే వెబ్‌సైట్లో ఆ పేరు ఎవరికైనా ఉందేమో వెతకడం. దానికి పైసా ఖర్చు లేదు.

సరుకులనూ సేవలనూ చట్టం 45 తరగతులుగా విడదీసింది. అచ్చు పుస్తకాలు 16లో, ప్రచురణ సేవలు 41లో వస్తాయి. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక్కో తరగతికి ఫీజు 4,500 రూపాయలు. రెండూ కావాలంటే తొమ్మిది వేలు. వకీలు ఫీజు అదనం.

ఆ తర్వాత అధికారి పరిశీలిస్తారు. అభ్యంతరం చెబితే నెలలోగా జవాబివ్వాలి. అది దాటితే ట్రేడ్‌మార్కుల జర్నల్లో పేరు వేస్తారు. 'అది మాది' అనేవాళ్లకు నాలుగు నెలల గడువు. ఎవరూ అడ్డు రాకపోతే రిజిస్ట్రేషను. దరఖాస్తు చేసిన రోజు నుంచి పదేళ్లు చెల్లుతుంది. పదేళ్లకోసారి మళ్లీ ఫీజు కడుతూ ఎన్నాళ్లయినా కొనసాగించుకోవచ్చు.

రిజిస్ట్రేషను కాకముందే పేరు పక్కన 'టీఎం' అని చిన్నగా వేసుకోవచ్చు. సున్నాలో 'ఆర్' మాత్రం వేయకూడదు. అది రిజిస్టరైన పేర్లకే. ముందే వేస్తే చట్టరీత్యా తప్పు.

పేరుకు రక్షణ ఇది. మరి కతలకు? రాసినదానికి కాపీరైటు రాసిన రోజు నుంచే ఉంటుంది. రచయిత పోయాక కూడా అరవయ్యేళ్లు! పక్కనున్న దామలచెరువులో ఉండి కథలు రాసిన మధురాంతకం రాజారాం 1999లో కన్నుమూశారు. 2059 ఆఖరు దాకా ఆయన కథలు వేయాలంటే హక్కుదారుల అనుమతి ఉండాల్సిందే. మన జిల్లా రచయితే కదా అంటే కుదరదు.

లాభం... అక్షరాలా నూట నలభై!

ఇక మాస్టారు పలక పట్టారు. 160 పేజీల పుస్తకం, అయిదు వందల కాపీలు. కాపీకి 80 రూపాయలు పడుతుందనుకుంటే మొత్తం నలభై వేలు. వెల 150. దుకాణదారు నలభై శాతం కమీషను తీసుకుంటే మాస్టారి చేతికి వచ్చేది పుస్తకానికి 90.

ఇందులో నాలుగు కాపీలు చట్టం ప్రకారం పంపాలి. 1954 నాటి చట్టం అది. పుస్తకం వెలువడిన ముప్ఫయి రోజుల్లో కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి ఒకటి, చెన్నై, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకు ఒక్కోటి చేరాలి. ఇంకో యాభై బంధువులకూ, స్నేహితులకూ, పాత శిష్యులకూ. తెలుగు రచయిత పుస్తకం వేశాడంటే ఊరికే ఇస్తాడన్నది మన లోకాచారం కదా!

మిగిలింది 446. అన్నీ అమ్ముడైతే 40,140 రూపాయలు. పెట్టుబడి పోగా లాభం... నూట నలభై! పోస్టు ఖర్చులకే చాలదు.

ఊరట లేకపోలేదు. పుస్తకాలకు జీఎస్టీ లేదు. ఐఎస్‌బీఎన్ నంబరు ఢిల్లీ నుంచి ఉచితంగానే ఇస్తారు. అయినా పేరు రిజిస్టరు చేయడానికి కట్టే 4,500 అంటే యాభై పుస్తకాల రాబడి. ఇల్లాలి ప్రశ్నకు బలమంతా ఈ లెక్కలోనే ఉంది.

వాడని పేరు నిలవదు

ఇక్కడే చట్టంలో ఒక మెలిక మాస్టారి కంట పడింది. రిజిస్టరులోకి ఎక్కిన పేరును అయిదేళ్లకు పైగా వాడకుండా ఉంచితే, దానివల్ల ఇబ్బంది పడేవాళ్లు తీసేయమని అడగొచ్చు. అంటే కాగితం పెట్టెలో ఉన్నంత మాత్రాన పేరు మనది కాదు. పుస్తకం బజార్లో ఉండాలి.

రెండో మాట ఇంకా ముఖ్యం. రిజిస్ట్రేషను లేకపోయినా, ఒక పేరును నిజాయతీగా ముందు నుంచీ వాడుతున్నవాళ్లను తర్వాత రిజిస్టరు చేసుకున్నవాళ్లు ఆపలేరు. కాకపోతే రుజువులుండాలి. ప్రెస్సు బిల్లు, అమ్మకాల రసీదులు, తేదీతో సహా అచ్చయిన పుస్తకం... ఇవే సాక్ష్యాలు.

చందమామ సంగతే చూడండి. 1952 నుంచి 1980 దాకా కొడవటిగంటి కుటుంబరావు దాన్ని తీర్చిదిద్దారు. సంపాదకుడిగా ఆయన పేరు అందులో ఉండేది కాదు. నెలనెలా కథలు వచ్చాయి కాబట్టే ఆ మాటకు విలువ వచ్చింది. 2007లో ముంబయి సాఫ్ట్‌వేర్ కంపెనీ జియోడెసిక్ ఆ సంస్థను కొనుక్కుంది. కొన్నేళ్లకే పత్రిక ఆగిపోయింది. పేరు ఎంత గొప్పదైనా కథల్ని పుట్టించలేదు. కథలే పేరును పుట్టించాలి.

అందుకే మాస్టారు ఇలా తేల్చుకున్నారు. ముందు వెతికి, ఎవరికీ లేని పేరు పెట్టుకోవడం. మొదటి పుస్తకం అట్ట మీద ఆ పేరు, పక్కన 'టీఎం'. బిల్లులన్నీ ఒక ఫైల్లో. లోపలి పేజీలో కతలు చెప్పినవాళ్ల పేర్లు, వాళ్ల ఊళ్లు. రెండో పుస్తకానికి డబ్బు కూడినప్పుడు 16వ తరగతిలో దరఖాస్తు.

కొడుకు మొదట ఒప్పుకోలేదు. ''ఈలోపల ఇంకెవురైనా అదే పేరు పెట్టుకుంటే?'' అన్నాడు. ఆ భయం ఉత్తిది కాదు. అలా జరిగితే బిల్లుల ఫైలు పట్టుకుని కొట్లాడాల్సి వస్తుంది. డబ్బున్నవాళ్లకు ముందే రిజిస్టరు చేసుకోవడమే మేలు. కానీ యాభై వేలతో ఒక్కసారే దిగే మనిషికి, ట్రంకు పెట్టెలో చెదలకు ఎరవుతున్న కతలకే తొందరెక్కువ.

మరునాడు మొదటి నోటు పుస్తకం సంచిలో పెట్టుకుని డీటీపీ చేయించడానికి చిత్తూరు బయల్దేరారు మాస్టారు. గడప దాటుతుంటే ఇల్లాలు అడిగింది.

''ఊరికే ఎన్ని ఇస్తారు?''

''యాభై.''

''పాతిక చాలు. మా అన్నోళ్లక్కూడా కొనుక్కోమనే చెప్పండి!''