కోటు మాది కాదు

మా అబ్బా దర్జీ. సొంత దుకాణం లేదు. సేఠు దగ్గర పీసు లెక్కన కుట్టేవాడు. వేసవి సెలవులు అయిపోవచ్చాయంటే నగరంలోని ఒక పెద్ద బోర్డింగు స్కూలు కోట్లు కట్టలు కట్టలుగా మా ఇంటికొచ్చేవి. కాజాలు తీయడం, గుండీలు కుట్టడం మా ముగ్గురు అక్కాతమ్ముళ్ల పని. జేబు మీద స్కూలు గుర్తు మాత్రం అమ్మీయే కుట్టేది. ఒకసారి మాలో చిన్నోడు కోటు తొడుక్కుంటే అబ్బా మెల్లగా విప్పించి, "మరక పడితే పీసు డబ్బులు పోతయి బేటా" అన్నాడు. కొట్టి ఉంటే మరిచిపోయేవాళ్లం.

మేము చదివింది పాతబస్తీ గల్లీలోని ప్రైవేటు స్కూల్లో. పేరుకి సెయింటు స్కూలు. నడిపేది మాలాంటి సాయిబే. పేరులో సెయింటు లేకపోతే ఇంగ్లీషు రాదనుకుంటారని ఆయన భయం. కింద వాళ్ల కాపురం, మేడ మీద మా క్లాసులు. మధ్యలో గోడలకు బదులు చెక్కలు. మూడో తరగతి ఎక్కాలు ఐదో తరగతికి వినబడేవి. కింద బఘారా పెడితే పైన అందరికీ ఆకలయ్యేది. టీచర్లు ఇంటర్ దాకా చదివిన గల్లీ ఆడపిల్లలే. సైన్సు టీచరుకి నిఖా కుదిరిందంటే ఆ ఏడాదికి సైన్సు పోయినట్టే. అయినా ఫీజు కట్టలేదని ఎవర్నీ ఎండలో నిలబెట్టలేదు. "ఈద్ అయినంక ఇయ్యి" అనేవారు.

"మీకేం, నవాబుల వారసులు" అని మమ్మల్ని ఇప్పటికీ అంటారు. ఆ నవాబుల బడి సంగతి కూడా చెప్పుకోవాలి. 1923లో, ఏడో నిజాం కాలంలో, బేగంపేటలో జాగీర్దార్ కాలేజీ పెట్టారు. జాగీర్దార్ల కొడుకుల కోసం. ఆ జాగీర్దార్లలో ముస్లింలూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. దర్జీలు, కసాయిలు, దూదేకులవాళ్లు లేరు. మా తాత మజ్హబూ నవాబు మజ్హబూ ఒకటే కావచ్చు గానీ, ఆ గేటు దగ్గర అది చెల్లలేదు. 1948 పోలీసు చర్య తర్వాత, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1951లో ఆ కాలేజీ హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. పబ్లిక్ అంటే మనమే అనుకునేరు! ఇంగ్లండులో దొరల పిల్లలు చదివే బడుల్ని పబ్లిక్ స్కూళ్లంటారు, ఆ పబ్లిక్ ఇది. మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ల అక్కడే చదివాడు. మా పాతబస్తీ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ కూడా అక్కడే చదివాడు. చదివినందుకు తప్పుపట్టడం లేదు. అలాంటి చోట చదివినవాడికి పేరు సత్య అయినా అసద్ అయినా నోరు పెగులుతుంది. మా గల్లీ స్కూల్లో నూటికి నూరు తెచ్చుకున్నవాడు కూడా ఇంటర్వ్యూలో తన పేరు చెప్పేముందు ఒక్క క్షణం ఆగుతాడు.

1990 డిసెంబరులో పాతబస్తీలో అల్లర్లు. కర్ఫ్యూ. గల్లీ మూతబడితే గల్లీ స్కూలూ మూతబడుతుంది. మళ్లీ తెరిచాక కొన్ని బెంచీలు ఖాళీగానే ఉన్నాయి. ఆ ఇళ్లవాళ్లు ఊళ్లకి వెళ్లిపోయారు. రెండేళ్లకి బాబ్రీ కూలింది, మళ్లీ అదే చలికాలం, అదే భయం. బోర్డింగులో మాత్రం గంట మోగుతూనే ఉండి ఉంటుంది. గుర్రపుస్వారీకీ ఈతకొలనుకీ అంత ఫీజు కడతారని అనుకునేవాళ్లం. కర్ఫ్యూ లేని ఏడాది కూడా ఆ ఫీజులోనే వస్తుందని అప్పుడు తెలిసింది.

అట్లాగని అటువైపు అంతా బంగారమనీ అనం. సేఠు కొడుకు బోర్డింగులో పెరిగాడు. సెలవులకొస్తే దాదీతో మాట్లాడ్డానికి మాటలు వెతుక్కునేవాడు. ఆమెకి ఇంగ్లీషు రాదు, వాడికి ఉర్దూ సగమే మిగిలింది. మేము ఏ సాయంత్రమైనా ఇంటికే వచ్చాం. అమ్మీ నోట ఉర్దూ, నల్లగొండ నుంచి వచ్చి మాతోనే ఉండిపోయిన నానీ నోట తెలుగు. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నామంటే ఆ సాయంత్రాల పుణ్యమే.

చిన్నోడు ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాడు. కూతురు కొత్త నగరంలో అద్దాల మేడ స్కూల్లో ఐదో తరగతి. రోజూ ఏసీ బస్సులో పోయి వస్తుంది. మాంసం డబ్బా తేవద్దని పోయినేడు ఆ స్కూలు నుంచి చీటీ వచ్చింది. సరే అన్నాం. ఒకరోజు పక్కన కూర్చునే పిల్లలిద్దరు "మీ డబ్బా వాసన" అని లేచిపోయారట. ఆరోజు డబ్బాలో ఉన్నది అమ్మీ చేసిన ఖట్టీ దాల్. పిల్ల అప్పట్నుంచి డబ్బా మూత సగమే తీసి తింటోంది.

మదనపల్లె దగ్గర ఋషివ్యాలీ లాంటి బోర్డింగుకి పంపుదామంటాడు చిన్నోడు. జిడ్డు కృష్ణమూర్తి పెట్టిన ఆ బడిలో అందరికీ శాకాహారమే. మాంసం లేకపోతే మా బిడ్డేమీ చిక్కిపోదు. అందరూ ఒకే వంట తినడం వేరు, ఒక్కరి డబ్బా వాసన చూడటం వేరు. ఇంతవరకూ మాలో ఎవరికీ పేచీ లేదు. పేచీ తర్వాతే. "పండక్కి ఎవరింట్లో ఉంటది?" అంటుంది ఆపా. "డబ్బులుండి కూడా మనమే ఎందుకు తప్పుకోవాలె, వాళ్లు లేస్తే లేవనియ్, పిల్ల అక్కడ్నే కూసుంటది" అని కూడా ఆపాయే అంటుంది. చిన్నోడు మాట్లాడడు.

అమ్మీది ఒక్కటే ప్రశ్న: "రాత్రి జరమొస్తే ఎవర్ని పిలుస్తది?"

ఫారం పంపడానికి ఇంకా పదిరోజులుంది.