తెలుపు పక్కన నలుపు

మన ఊళ్లలో కిటికీలకు రంగు వేసేముందు అద్దాల మీద తడిపిన న్యూస్‌పేపరు అంటించడం మీరు చూసే ఉంటారు. రంగు పడకూడని చోటును ముందుగా కాపాడుకోవడమన్నమాట. అమెరికాలో కార్లకు రంగులు వేసేవారు కూడా ఒకప్పుడు కాగితము, జిగురుతోనే నెట్టుకొచ్చేవారు. ఊడదీసేటప్పుడు కింది రంగు కూడా లేచివచ్చేది. వారి అవస్థ చూసి త్రీఎం కంపెనీలో పనిచేసే రిచర్డ్ డ్రూ అనే యువకుడు 1925లో మాస్కింగ్ టేపు తయారుచేశాడు. అది అంటుకోవాలి, కింది రంగుకు దెబ్బ తగలకుండా ఊడిరావాలి.

ఈ సంగతంతా మాకు ఒక రాకెట్టు నమూనా వలన తెలిసింది. మా చెల్లెలి కుటుంబం హ్యూస్టన్‌లో ఉంటుంది. బావగారు 2022లో ప్రభువునందు నిద్రించారు. మరుసటి వేసవిలో మేమిద్దరం వారింట మూడు వారాలున్నాము. పదమూడేళ్ల మేనల్లుడి గదిలో బీరువా మీద సాటర్న్ 5 నమూనా ఉంది. 1969లో మనుష్యులను చంద్రుని మీదికి పంపిన 363 అడుగుల రాకెట్టుకు అది నూరో వంతు. అట్టగొట్టాలతో చేసినదే అయినా చిన్న మందు మోటారు పెడితే నిజంగా ఎగురుతుంది. తెలుపంతా వాళ్ల నాన్న వేసి వెళ్లారు. నలుపు పట్టీలు మిగిలిపోయాయి. (ఆ నలుపు అందం కోసం కాదట. రాకెట్టు పైకి పోతూ తన చుట్టూ తాను తిరుగుతున్నదా అని దూరంనుండి కనిపెట్టడానికి వేసిన గుర్తులు.)

"నలుపు పాకితే డాడీ వేసింది పాడైపోతుంది మామయ్యా" అన్నాడు వాడు. ఏడాదిగా ముట్టలేదు.

ముందు ఒక పాత అట్టగొట్టం మీద చేసి చూద్దామన్నాము. టేపును గాజుపలక మీద పరచి, దుమ్ము పట్టిన అంచును బ్లేడుతో కోసి తీసేశాడు. గొట్టం చుట్టూ కాగితపు పట్టీ చుట్టి, రెండు కొనలూ కలిశాక ఆ అంచు వెంట పెన్సిలు గీత గీశాడు. చెయ్యి కుదిరాక రాకెట్టు దించాము. దాని ఒంటిమీద సిమెంటు రేకులకున్నట్టు సన్నని గాడులున్నాయి. టేపు వాటి అడుగుకు దిగదు. మా ఇంటావిడ టూత్‌పిక్ పుల్లతో ఒక్కొక్క గాడి వెంట నొక్కుతూ కూర్చుంది. ఒక మధ్యాహ్నమంతా పట్టింది. మిగతా ఒళ్లంతా కాగితం కప్పాము, స్ప్రే రంగు ఏ సందునైనా దూరుతుంది గనుక.

అయినా సందు మిగిలితే? ఆ పనివారి ఉపాయం మాకు చాలా నచ్చింది. టేపు అంచు మీద వెంటనే నలుపు కొట్టరు. కింద ఉన్న తెలుపునే ఇంకొకసారి పలుచగా కొడతారు. టేపు కిందికి పాకేదేదో ఆ తెలుపే పాకి, ఆరి, సందు మూసేస్తుంది. తెలుపులో తెలుపు కనబడదు. తర్వాత వచ్చే నలుపుకు దారి ఉండదు. బావగారు వాడిన తెల్లరంగు డబ్బా గరాజులో ఇంకా ఉంది. చెల్లెలు తెచ్చి వాడి చేతికిచ్చింది. వాడు దాన్ని చాలాసేపు ఊపాడు.

నలుపు రెండు పలుచని పూతలు పడ్డాయి. అది పూర్తిగా గట్టిపడకముందే టేపును వెనక్కి మడిచి మెల్లగా తీయాలి. వాడు తీస్తుంటే ఎవరమూ మాట్లాడలేదు. గీత తిన్నగా వచ్చింది. ఒక గాడి దగ్గర మాత్రం నువ్వుగింజంత నలుపు. సన్న కుంచెతో తెలుపు అద్దాడు.

మిగిలిన మూడు పట్టీలు మేము తిరిగి వచ్చాక వాడే వేశాడు. సెప్టెంబరులో ఫోటో పంపాడు. రాకెట్టు ఒక పెద్ద మైదానంలో నిలబడి ఉంది, పక్కన మా చెల్లెలు.