ఆకురాయి కింద ఉక్కు

ఆగస్టు 3, ఆదివారం
చెన్నై పుదుపేటలో లారీ కమాను పట్టా ముక్క దొరికింది. "కత్తికా సార్?" అన్నాడు కొట్టతను. వంటింటికని చెప్పాను. పాత పట్టాల్లో కంటికి ఆనని పగుళ్లుంటాయి. అందుకే ఒక్కొక్కటీ నేలకేసి కొట్టి, ఖంగుమన్నదే ఇచ్చాడు.

ఆగస్టు 9
డాబా మీద బొగ్గుల్లో ఎర్రగా కాల్చి బూడిదలో కప్పిపెట్టాను. రాత్రంతా నిదానంగా చల్లారితేనే ఉక్కు మెత్తబడి ఆకురాయికి లొంగుతుంది.

ఆగస్టు 17
ఆకురాయిని ముందుకే తొయ్యాలి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తాలి. పళ్లలో రజను ఇరుక్కోకుండా సుద్ద రాస్తాను. గ్రైండరుంటే గంట పని అంటారంతా. నాకీ నిదానమే ఇష్టం. ఎక్కడ ఎత్తుగా ఉందో కంటికన్నా ముందు అరచేతికి తెలుస్తుంది. రెండు వాలులూ నడిమి గీత దగ్గర కలిసేదాకా అలుగును వెలుతురుకు పట్టి చూడటం, మళ్లీ రాయడం. చీకటి పడ్డా లేవబుద్ధి కాలేదు.

ఆగస్టు 23
ఎగ్మూరు మ్యూజియం. 1900 ప్రాంతంలో అలెగ్జాండర్ రీ ఆదిచ్చనల్లూరులో తవ్వి తీసిన ఇనుప ఆయుధాల ముందు చాలాసేపు నిలబడ్డాను. మన నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ మూసల్నీ తొందరపెట్టకుండా చల్లారనిచ్చేవారట. గంటలో అయ్యే పని కాదిది, ఎప్పుడూ కాదు.

సెప్టెంబర్ 7
ఉక్కు రంగు తెలియాలంటే మసక వెలుతురు కావాలి, సాయంత్రం దాకా ఆగాను. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. ఆపై ఇంకాస్త కాల్చి, వెచ్చటి నువ్వుల నూనెలో నిటారుగా దించాను. బుసబుసా పొంగింది. చల్లారాక ఆకురాయి పెడితే గాజు మీద జారినట్టు జారిపోయింది! ఆ జారుడు కోసమే ఇన్నాళ్లూ. తర్వాత ఓవెన్లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు. లేకపోతే పెళుసుగా ఉండి విరుగుతుంది.

సెప్టెంబర్ 20
పాత టేకు కిటికీ రెక్కతో పిడి, ఇత్తడి మేకులు. "బొటనవేలు ఆనేచోట ఇంకాస్త తియ్యరా" అంది అమ్మ. తీశాను.

అక్టోబర్ 1
ఆయుధపూజ. ఆకురాయికీ సుత్తికీ కత్తికీ బొట్లు పెట్టింది అమ్మ.

అక్టోబర్ 5
మామిడికాయ పులుపుకు అలుగు నీలిబూడిద రంగు తిరిగింది. ఈ సముద్రపు గాలికి రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది, తుడిచి కొబ్బరినూనె రాయాల్సిందే.

"ఈసారి ఉల్లిపాయల్లో ఘాటు లేదేంట్రా?" అంది అమ్మ. నిన్నటి ఉల్లిపాయలే. అంచు పదునుగా ఉంటే పొర నలగదు, తెగుతుంది. రసం చిమ్మదు.