పథ్యం అంటే పస్తు కాదు

ఆస్పత్రి గడప తొక్కగానే మన ఇళ్ళలో అందరూ సగం డాక్టర్లయిపోతారు. పప్పు పెడితే చీము పడుతుందంటారు ఒకరు. పెరుగు కఫం అంటారు ఇంకొకరు. గుడ్డు వేడి, అరటిపండు జలుబు, లంఖణం పరమౌషధం! ఇవన్నీ పాటించాక మిగిలేది మెత్తటి అన్నం, మిరియాల చారు. దాన్నే పథ్యం అంటున్నాం. నేను చదివింది తెలుగు బి.ఏ. కాబట్టి ఈ మాట దగ్గర కాస్త ఆగుతాను. పథం అంటే దారి. దారికి తగినది, ఒంటికి మేలు చేసేది పథ్యం. పస్తుండమని అందులో ఎక్కడా లేదు.

పోయిన కార్తీకంలో మా అత్తయ్యగారు బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. వయసు 74, బరువు 45 కిలోలు. బీపీ అదుపులోకి రాలేదని ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడింది. రెండుసార్లూ ముందురోజు రాత్రి నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా పచ్చి మంచినీళ్ళు లేవు. ఆపరేషన్ అయ్యాక భోజనం ట్రే వచ్చేది, వచ్చినట్టే తిరిగి వెళ్ళేది. ఆపరేషన్‌కి ముందు నర్సు తీసిచ్చిన పళ్ళసెట్టుని మావారు భద్రంగా ఇంట్లో బీరువాలో పెట్టేశారు. ఇక ఆ చపాతీ ఎలా నములుతారు పాపం! మంచం మీదున్న మనిషి బరువు చూసే వీలు లేదు కానీ, ఎనిమిదో రోజుకి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నడుము కింద చర్మం ఎర్రబడిందని నర్సు చూపించింది. ఇంకా ఆలస్యమైతే పుండు పడుతుందంది.

బీపీ, షుగర్, జ్వరం అన్నీ చార్టులో ఉన్నాయి. ఏం తిన్నారన్నది మాత్రం ఏ గడిలోనూ లేదు. ఆ పూట నుంచి పిల్లాడి పాత నోట్‌బుక్‌లో నేనే రాయడం మొదలుపెట్టాను. ఒక ఇడ్లీ, నాలుగు ముద్దల చారన్నం, అరగ్లాసు పాలు, రెండు బిస్కెట్లు. రోజంతా అంతే. రెండు రోజుల లెక్క డాక్టర్‌గారి ముందు పెట్టాను. ఆయన చదివి డైటీషియన్‌ని పిలిపించారు.

ఆ అమ్మాయి చెప్పిన లెక్క ఇది. జబ్బుతో ఉన్నవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. అంటే అత్తయ్యగారికి 54 గ్రాములకి తగ్గకూడదు. ఆవిడ తింటున్న దాంట్లో పది కూడా దాటడం లేదు. గాయం మానాలన్నా, ఇన్ఫెక్షన్‌తో పోరాడాలన్నా ముడిసరుకు అదే. తిండి అందకపోతే ఒళ్ళు తన కండనే కరిగించుకుంటుంది.

స్విట్జర్లాండ్‌లో 8 ఆస్పత్రుల్లో రెండువేల మందికి పైగా రోగుల మీద చేసిన పరిశోధన 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అందరూ పోషకాహారం తక్కువై ముప్పులో ఉన్నవాళ్ళే. సగం మందికి మామూలు ఆస్పత్రి భోజనం, సగం మందికి మనిషిని బట్టి లెక్కకట్టిన ఆహారం. నెలరోజుల్లో మొదటివాళ్ళలో నూటికి 10 మంది పోతే, రెండోవాళ్ళలో 7గురు పోయారు.

మేమేం చేశామంటే, ముందు పళ్ళసెట్టు తెప్పించాం. మూడు పూటల తిండిని ఆరు చేశాం, ఒక్కోసారి కొంచెం కొంచెంగా. చారు బదులు మెత్తగా మెదిపిన ముద్దపప్పు, పెసరకట్టు, పైన చెంచాడు నెయ్యి. గ్లాసు పాలల్లో రెండు చెంచాల పాలపొడి. ఇడ్లీకి వేరుసెనగ పచ్చడి. సాయంత్రం చిదిమిన పనీర్‌లో ఉప్పు, మిరియాలు. రాత్రి మీగడ పెరుగుతో అన్నం. గుడ్డు తినేవాళ్ళకి ఇంకా సులువు, ఒక్కో దాంట్లో 6 గ్రాములుంటుంది.

పప్పు గిన్నె చూసి చిన్నత్తయ్యగారు, "ఇదేవిటే, పచ్చి గాయం మీద పప్పా? చీము పట్టదూ?" అని గుండెలు బాదుకున్నారు.

"కుట్లు వేసిన డాక్టర్‌గారే పెట్టమన్నారు చిన్నత్తయ్యా" అన్నాను.

మంచం మీంచి అత్తయ్యగారు, "దాన్ని పెట్టనీవే, ఆకలేస్తోంది" అన్నారు. అన్ని రోజుల్లో ఆవిడ నోట ఆకలి అన్న మాట వినడం అదే మొదలు. ఎర్రబడిన చోటు పుండు కాకుండానే తగ్గింది. సంక్రాంతికి వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి నా ముగ్గుకి వంకలు పెట్టారు.

రెండు జాగ్రత్తలు. కిడ్నీ జబ్బున్నవాళ్ళకి ప్రోటీన్ లెక్క వేరు. చాలా రోజులు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా దండిగా పెడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు. డాక్టర్‌ని అడిగి మెల్లగా పెంచాలి.

ఇదంతా ఇంట్లో పప్పూ పాలూ ఉన్నవాళ్ళ సంగతి. మా పనమ్మాయి భర్తకి టీబీ. మందులు ఉచితమే, తిండే కరువు. టీబీ రోగులకి ఆహారం కోసం నిక్షయ్ పోషణ యోజన కింద కేంద్రం 2018 నుంచి నెలకి 500 రూపాయలు ఇచ్చేది, 2024 నవంబర్ నుంచి దాన్ని 1000 చేసింది. ఆ సంగతే వాళ్ళకి తెలీదు. బ్యాంకు పుస్తకం తీసుకుని మందులిచ్చే చోటే అడగమని చెప్పాను. మీకు తెలిసినవాళ్ళుంటే మీరూ చెప్పండి.

ఈసారి ఎవరినైనా చూడ్డానికి ఆస్పత్రికి వెళ్తే, తెచ్చిన బ్రెడ్డూ యాపిల్సూ బల్ల మీద పెట్టి, పక్కన కూర్చున్నవాళ్ళని మూడు మాటలు అడగండి. నిన్న మొత్తం ఏం తిన్నారు? నమలగలుగుతున్నారా? ఆపరేషన్ వాయిదా పడితే వెంటనే ఏం పెట్టొచ్చో డాక్టర్‌ని అడిగారా? వీలైతే ఒక నోట్‌బుక్కూ పెన్నూ ఇచ్చి రండి.