యెంచడమూ, యేరివేయడమూ

యేట్లో పారేసినా యెంచి పారేయమన్నారు మన పెద్దలు. చదువు విషయంలో యీ మాట మరీ నిజం. బడికి యెంతమంది వస్తున్నారన్నది వొక లెక్క. వచ్చినవారికి చదవడం వచ్చిందా అన్నది మరొక లెక్క. మొదటి లెక్క చూపించి రెండోదాన్ని మరుగున పెట్టడం ప్రభుత్వాలకు చాలాకాలం సుఖంగా వుండినది. అందుచేత ప్రాథమిక పాఠశాలల్లో పెట్టే ప్రామాణిక పరీక్షలను మొత్తంగా బూటకమని కొట్టిపారేసే మిత్రులతో నేను యేకీభవించలేను.

2005లో ప్రథమ్ సంస్థ ‘అసర్’ పేరిట గ్రామీణ ప్రాంతాల్లో వొక సర్వే మొదలుపెట్టింది. అందులో పరీక్ష చాలా సాదా. సర్వే చేసేవారు యింటికే వచ్చి, పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, అక్షరాలు, మాటలు, వొక చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. మూడో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగినవారు దేశం మొత్తం మీద 2018లో నూటికి 27.3 మంది, 2022లో 20.5, 2024లో 27.1. యీ అంకెల నడుమ 2020 మార్చిలో మూతబడిన బడులున్నవి. ఫోను వున్న యింటి పిల్లవాడికి పాఠం ఫోనులో వచ్చింది. కూలికి పోయే తల్లి బిడ్డకు చాలాచోట్ల యేమీ రాలేదు. బడులు తెరిచాక పడిన అంకె మళ్ళీ లేచింది. అంటే, యెదుట టీచరు వుంటే పిల్లలు నేర్చుకుంటారన్న మాట. కాని లేచి యెక్కడ నిలిచింది? 27 దగ్గర. నూటికి డెబ్బైమందికి పైగా పిల్లలు మహమ్మారికి ముందూ చదవలేకపోయారు, తర్వాతా చదవలేకపోయారు. యీ సంగతి తెలియకుండా వుండటంకన్న తెలియడం మేలు.

అయితే కొలిచేవాడు యేమి కొలుస్తున్నాడో కూడా చూడాలి.

మా అక్క కరీంనగర్ వైపు వొక పల్లెలో టీచరు. ఆ బడిలో అయిదు తరగతులకు యిద్దరే. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం అరవైమంది పిల్లల దాకా యిద్దరు చాలు కనుక చట్టానికి లోపమేమీ జరగలేదు! అక్కడ స్థాయి పరీక్ష జరిగిన వొక రోజున నేనూ వున్నాను. బొమ్మలు లేని కాగితం మీద ‘వాన వచ్చింది’ అని వుంటే, మూడో తరగతి పిల్ల వొకతె ఆ మాటల కింద వేలు జరుపుకుంటూ ‘ఆన అచ్చింది’ అని చదివింది. పరీక్ష చేస్తున్నాయన రెండు తప్పులు వేసుకున్నాడు.

‘‘ఆ పిల్ల చదివింది సార్. తన మాటలో చెప్పింది, అంతే,’’ అన్నది మా అక్క.

‘‘నిజమే మేడం. కాని యీ కాగితంలో దానికి గడి లేదు,’’ అన్నాడాయన.

ఆయన దుర్మార్గుడేమీ కాడు. వున్నది వున్నట్టు చదవాలన్నది ఆయనకిచ్చిన నియమం. కాని ఆ పిల్ల అక్షరాలను గుర్తించకపోయినా, అర్థం గ్రహించకపోయినా ‘వచ్చింది’ని ‘అచ్చింది’గా మార్చగలిగేదే కాదు. అచ్చులో వున్న మాటను తన యింటి మాటగా చేసుకున్నది. చదవడమంటే యింతకన్న యేమిటి? ఆ రెండు తప్పులు ఆమె చదువును కొలవలేదు. పాఠ్యపుస్తకానికీ ఆమె వాడకూ మధ్య వున్న దూరాన్ని కొలిచి, ఆ దూరాన్ని ఆమె ఖాతాలో రాశాయి.

గిడుగు రామమూర్తి పంతులు గారు సవరల భాష తాను నేర్చుకుని, సవర పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు రాశారు. పంతులు పిల్లవాడి భాష దగ్గరికి నడిచి వెళ్ళాలన్నది ఆయన ఆచరించి చూపిన సూత్రం. వ్యావహారికం గెలిచిందని మనం తరగతుల్లో పాఠాలు చెబుతున్నాం. గెలిచినది యెవరి వ్యావహారికం? యీ ప్రశ్న తెలుగు చదివినవారందరూ వేసుకోవలసినది.

యిక రెండో ప్రమాదం, అంకెకు డబ్బునూ శిక్షనూ ముడిపెట్టడం. 1862లో ఇంగ్లండులో రాబర్ట్ లో తెచ్చిన నిబంధనల ప్రకారం, పరీక్షలో పిల్లవాడు చదవడం, రాయడం, లెక్కలు అనే మూడింటిలో వొక్కొక్కటి తప్పినందుకు బడి గ్రాంటులో రెండు షిల్లింగుల యెనిమిది పెన్నీల చొప్పున కోసేవారు. కవి మాథ్యూ ఆర్నాల్డ్ ఆ బడుల యిన్‌స్పెక్టరుగా వుండి కూడా దాన్ని వ్యతిరేకించాడు. పరీక్షలో లేని విషయాలు వెనకబడ్డవి, వాచకాలు కంఠస్థమైనవి. మన మద్రాసు రాజధానిలోనూ ఫలితాలను బట్టి గ్రాంటులిచ్చే పద్ధతి నడిచింది. అది పాతకాలపు ముచ్చట అనుకోవద్దు. అమెరికాలోని అట్లాంటా నగరంలో 2009 పరీక్షల మీద దర్యాప్తు చేసి, 44 బడుల్లో మోసం జరిగిందనీ, 178 మంది టీచర్లకూ ప్రిన్సిపాళ్ళకూ అందులో భాగం వుందనీ 2011లో తేల్చారు. పిల్లల తప్పు జవాబులను పెద్దలు చెరిపి దిద్దారు. ఆ పిల్లలకు సాయం కావాలన్న సాక్ష్యం కూడా దానితోపాటు చెరిగిపోయింది.

కనుక పరీక్ష వుండాలా, వద్దా అని వాదులాడుకోవడంవల్ల ప్రయోజనం లేదు. ఆ అంకె యెవరి చేతికి పోతున్నది, దానితో యేమి చేస్తున్నారు అన్నదే అసలు ప్రశ్న. అది మరునాడే ఆ తరగతి టీచరు చేతికి రావాలి. తల్లిదండ్రులకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. బడి మూయడానికీ, టీచరును బెదిరించడానికీ అది సాకు కాకూడదు. పరీక్ష పెట్టేవాడికి ఆ వూరి మాట తెలిసివుండాలి. కింద పడినవాణ్ణి యేరివేయడానికి కాక లేవదీయడానికి యెంచాలి. లేవదీయడానికి మనుషులు కావాలి. అయిదు తరగతులను యిద్దరికి వొప్పజెప్పి ఫలితాలేవని అడిగే హక్కు యే ప్రభుత్వానికీ లేదు. అంకెలు వస్తూనే వున్నవి. వాటి వెంట ఆ బడికి మూడో టీచరు యెప్పుడు వస్తారని ఉపాధ్యాయ సంఘాలూ, విద్యార్థి సంఘాలూ కలిసి అడగాలి.