చూపు లేకుంటే మెదడు ఊరుకుంటుందా?

మా అక్క మనవరాలికి పుట్టుకతోనే చూపు లేదు. ఆమధ్య మూర్ఛేమోనన్న అనుమానంతో ఇక్కడ బరంపురంలో ఈ.ఇ.జి. తీయించారు. మూర్ఛ కాదని తేలింది. కానీ తల వెనుక భాగంలో ఆల్ఫా తరంగాలు లేవని రిపోర్టులో ఒక మాట ఉంది. ఇంకేముంది, చుట్టాల గుసగుసలు మొదలయ్యాయి. "కళ్ళే కాదు, బుర్ర కూడా ఎదగలేదట!" పిల్ల తల్లి రెండు రోజులు అన్నం ముట్టలేదు. "పిన్నీ, సైన్సు పాఠాలు చెప్పినదానివి, నువ్వైనా నిజం చెప్పు" అంది. దానికి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

మెదడులో ఎప్పుడూ సన్నని విద్యుత్తు పుడుతూనే ఉంటుంది. తలకు తీగలు తగిలించి దాన్ని గీతలుగా పట్టిన జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ ఆ సంగతి 1929లో ప్రకటించాడు. చూపున్నవాళ్ళు మెలకువగా ఉండి కళ్ళు మూసుకుంటే తల వెనుక, చూపును గ్రహించే చోట, సెకనుకు 8 నుంచి 13 సార్లు లేచిపడే అలలు వస్తాయి. కళ్ళు తెరవగానే అణగిపోతాయి. ఇవే ఆల్ఫా తరంగాలు. పసితనంలో నెమ్మదిగా ఉండి, వయసుతోపాటు వేగం పుంజుకుంటాయి. పుట్టుకతో చూపులేని పిల్లల్లో ఇవి బాగా తగ్గిపోతాయి, లేదా కనిపించనే కనిపించవు. అది చూపు లేనందువల్ల వచ్చిన తేడా. తెలివికి కొలత కాదు.

మరి ఆ చోటు ఖాళీగా పడి ఉంటుందా? ఉండదు. చిన్ననాడే చూపు పోయినవారు బ్రెయిలీ చదువుతుంటే చూపుకు సంబంధించిన ఆ భాగమే పనిచేస్తోందని 1996లో 'నేచర్' పత్రికలో వచ్చింది. మా పిల్ల బడిలో ఒడియా బ్రెయిలీ వేళ్ళతో చదువుతుంది, ఇంట్లో అమ్మమ్మ చెప్పే తెలుగు కథలు అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతుంది. ఆ బుర్రకేం లోటు?

అయితే ఒక్క హెచ్చరిక. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవారూ, జర్మనీ శాస్త్రవేత్తలూ కలిసి పుట్టుశుక్లాలున్నవారిని పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఆలస్యంగా ఆపరేషన్ జరిగినవారికి చూపు వచ్చినా ఆల్ఫా తరంగాలు మామూలు స్థాయికి రాలేదు. మెదడు చూడటం నేర్చుకునే కాలం పసితనమే. కాబట్టి పసిబిడ్డ కంటిపాపలో తెల్లమచ్చ కనబడితే "కాస్త పెద్దవనీ" అని ఆగకండి, ఆ వారమే కంటి డాక్టరుకు చూపించండి. చూపు రాదని తేలిన బిడ్డనైతే బ్రెయిలీ నేర్పే బడిలో వెంటనే చేర్పించండి. నేర్చుకోవడానికి మెదడు సిద్ధంగానే ఉంటుంది. నేర్పవలసింది మనమే.